జపాన్ బేస్‌బాల్ కార్డులు: గుర్తుపట్టడం, కొనడం, మార్చుకోవడం

చిన్నప్పుడు అగ్గిపెట్టెల అట్టలు చింపి బచ్చాలాట ఆడినవాళ్లకి జపాన్ పిల్లల మెంకో ఆట అంటే ఏంటో పెద్దగా వివరించక్కర్లేదు. ఒకడు నేలమీద తన అట్ట పెడతాడు. ఇంకొకడు తన అట్టతో దాని పక్కన ఛట్‌మని కొడతాడు. ఆ గాలికి కిందిది తిరగబడితే కొట్టినవాడిదే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్ పిల్లలు ఈ అట్టలమీద బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు పెట్టుకుని వీధుల్లో ఆడారు. అలా ఆడగా మిగిలినవే ఇప్పుడు మనం కవర్లలో పెట్టి దాచుకుంటున్నాం.

నేను టోక్యోలో నిషి-కసాయ్‌లో ఉంటాను. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే పేటే. ఇక్కడికి వచ్చేదాకా నాకు బేస్‌బాల్ ఓనమాలు కూడా తెలియవు. చిప్స్ ప్యాకెట్టు వెనక దొరికిన ఒక కార్డుతో ఈ పిచ్చి పట్టుకుంది. ఈమధ్య డల్లాస్ నుంచి, హైదరాబాద్ నుంచి కూడా "ఓతాని జపాన్ కార్డులు ఎలా దొరుకుతాయి?" అని అడుగుతున్నారు. ఓతాని అంటే ఇప్పుడు అమెరికాలో ఆడుతున్న జపాన్ బేస్‌బాల్ స్టార్. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేచోట రాస్తున్నాను.

మొదటి మెట్టు: గీత గీసుకోండి

జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో 12 జట్లు. సెంట్రల్ లీగ్‌లో ఆరు, పసిఫిక్ లీగ్‌లో ఆరు. ప్రతి జట్టుకీ ఏటా విడిగా కార్డుల సెట్లు వస్తాయి. అన్నీ కొనాలంటే జీతం చాలదు, ఇల్లూ చాలదు. కాబట్టి పైసా ఖర్చు పెట్టేముందే ఏది కొంటారో, ఏది కొనరో ఒక గీత గీసుకోండి. ఒక ఆటగాడు కావచ్చు, ఒక జట్టు కావచ్చు, ఒక ఏడాది కావచ్చు. నాతో కార్డులు మార్చుకునే ఒసాకా పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు హన్షిన్ టైగర్స్ జట్టు క్యాచర్ల (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాళ్ల) కార్డులే కావాలి, అదీ ముఖానికి మాస్కు ఉంటేనే. మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు ఆయన్ని చూస్తే అసూయ. ఏం కావాలో అంత కచ్చితంగా తెలిసిన మనిషి దుకాణంలో పది నిమిషాల్లో పని ముగించుకుని బయటపడతాడు.

ఓతానితోనే మొదలుపెడతామంటే నేను వద్దంటాను. ఆయన 2012 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) నిప్పన్‌హామ్ ఫైటర్స్ జట్టుకి వచ్చారు కాబట్టి తొలి కార్డులు 2013వి. ప్రపంచమంతా వాటి వెనకే పడింది. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువ డబ్బు పోసి తక్కువ నేర్చుకునేది అక్కడే. అదే ఫైటర్స్ జట్టులో ఆయన పక్కన ఆడినవాళ్ల కార్డులు చిల్లర డబ్బుకి దొరుకుతాయి. ముందు వాటితో చేయి తిప్పుకోండి.

రెండో మెట్టు: ఏ కార్డు ఏ జాతిదో తెలుసుకోండి

మెంకో: 1940ల చివరి నుంచి 1960ల మొదటి దాకా వీటి రాజ్యం. మందపాటి అట్ట. గుండ్రంగానో, నిలువు పలకలాగానో ఉంటుంది. రంగులు గాఢంగా, కొన్నిసార్లు ఆటగాడి బుగ్గలకి రోజ్ పౌడరు అద్దినట్టు ఉంటాయి. వెనక్కి తిప్పితే అసలు సరదా అక్కడుంది. పిడికిలి, కత్తెర, అరచేయి, ఈ మూడిట్లో ఒక గుర్తు, పక్కన అంకెల వరస, కొన్నిటిమీద విమానమో ఓడో కూడా. అట్ట కొట్టే ఓపిక లేని పిల్లలు ఈ గుర్తులతోనే గెలుపోటములు తేల్చుకునేవాళ్లు.

బ్రొమైడ్: అదే కాలంలో వచ్చిన పల్చటి ఫోటో కార్డులు. నలుపు తెలుపు ఎక్కువ. ఇవి తొందరగా వంకర తిరుగుతాయి. చూడ్డానికి బాగుంటాయి గానీ నా చేతికి మెంకో బరువే నచ్చుతుంది.

కల్బీ: ఇక్కడ కాస్త ఆగాలి. కల్బీ చిరుతిళ్ల కంపెనీ. 1971లో కామెన్ రైడర్ (టీవీ హీరో) స్నాక్‌తో కార్డు ఇస్తే పిల్లలు కార్డు తీసుకుని తిండి పారేసేవాళ్లట. అది దేశంలో పెద్ద రచ్చ అయింది. ఆ ఊపులోనే 1973లో బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులతో స్నాక్ మొదలైంది. ఆ తొలి సెట్‌లో ఒకటో నంబరు కార్డు యోమియురి జెయింట్స్ స్టార్ షిగెయో నగషిమాది. అది జెయింట్స్ వరుసగా తొమ్మిదో ఏడు జపాన్ సిరీస్ (రెండు లీగుల జట్ల మధ్య జరిగే ఫైనల్) గెలిచిన ఏడాది కూడా. ఇప్పటికీ ప్రతి సీజన్‌లో సూపర్‌మార్కెట్లో చిప్స్ ప్యాకెట్టు వెనక చిన్న కవరు అంటించి అమ్ముతారు. అప్పుడప్పుడు "లక్కీ కార్డ్" వస్తే పోస్టులో పంపి బహుమతి తెప్పించుకోవచ్చు. పాతరోజుల్లో కార్డులు దాచుకునే ఆల్బమ్ ఇచ్చేవాళ్లు. 1970ల్లో కొన్ని సిరీస్‌లు కొన్ని ప్రాంతాల్లోనే అమ్మారు. ఆ కార్డుల కోసం ముసలి కలెక్టర్లు కూడా చిన్నపిల్లల్లా తగువులాడుకోవడం నేను చూశాను.

తకారా: 1978 నుంచి 1990ల చివరి దాకా జట్టుకొక పెట్టె చొప్పున అమ్మిన ఆట కార్డులు. పాచికలతో బేస్‌బాల్ ఆడుకోవడానికి చేసినవి. జట్టంతా ఒకే దెబ్బకి కావాలంటే ఇవి చవకైన దారి.

బీబీఎం: బేస్‌బాల్ మ్యాగజీన్ షా అనే ప్రచురణ సంస్థ 1991లో మొదలుపెట్టింది. అమెరికా పద్ధతిలో ప్యాకెట్లలో అమ్ముతారు. సీజన్ ముందు కొత్త డ్రాఫ్ట్ కుర్రాళ్లతో రూకీ ఎడిషన్, వసంతంలో ఫస్ట్ వెర్షన్, తర్వాత సెకండ్ వెర్షన్, ఇవి కాక జట్ల సెట్లు. ఎపోక్ అనే సంస్థ కూడా పోటీలో ఉంది. 2021 నుంచి అమెరికా కార్డుల కంపెనీ టాప్స్ కూడా జపాన్ లీగ్ కార్డులు వేస్తోంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు తెలిసిన పేరు అదొక్కటే కాబట్టి అందరూ అక్కడే మొదలుపెడతారు. తప్పులేదు. కానీ జపాన్ రుచి కల్బీలో ఉంది.

మూడో మెట్టు: జపనీస్ రాకపోయినా కార్డు చదవండి

నాకూ మొదట్లో ఒక్క ముక్క రాదు. నాలుగు ఆనవాళ్లు చాలు.

పేరు. జెయింట్స్ స్టార్ సదహరు ఓ (‘ఓ’ ఆయన ఇంటిపేరు, కార్డుమీద అదే ముందు ఉంటుంది) పేరులో మొదటి అక్షరం మూడు అడ్డగీతలు, మధ్యలో ఒక నిలువుగీత. అంతే. ఒకసారి చూస్తే మర్చిపోరు. ఓతాని పేరులో మొదటి అక్షరం చేతులు చాచి, కాళ్లు విడదీసి నిలబడ్డ మనిషిలా ఉంటుంది. అమెరికాలోనూ పేరు తెచ్చుకున్న ఇచిరో దగ్గర ఒక మెలిక ఉంది. 1993 బీబీఎం 239వ నంబరు ఆయన తొలి కార్డు. ఆయన "ఇచిరో" అనే ఒంటి పేరుతో ఆడటం 1994లో మొదలైంది. కాబట్టి ఆ కార్డుమీద ఇంటిపేరుతో సహా సుజుకి ఇచిరో అని కాంజీలో (చైనా నుంచి వచ్చిన బొమ్మలాంటి అక్షరాల్లో) ఉంటుంది. కతకనలో (జపాన్ వాళ్ల ఇంకో లిపిలో) ఇచిరో అని మాత్రమే వెతికితే కొందరు అమ్మకందారుల దగ్గరున్న ఆ కార్డు మీ కంటపడదు.

నంబరు. జెర్సీ నంబరు భాషతో పనిలేని సాక్షి. సదహరు ఓ అంటే 1, నగషిమా అంటే 3. కానీ గుడ్డిగా నమ్మకండి. ఆన్‌లైన్లో "నగషిమా, 3" అని చూసి ఆగమేఘాలమీద నేనొక కట్ట కొన్నాను. కవరు విప్పితే జెర్సీ జెయింట్స్‌ది కాదు, యకుల్ట్ స్వాలోస్‌ది! కొడుకు కజుషిగె నగషిమా 1988లో యకుల్ట్‌లో చేరినప్పుడు ఆయన నంబరూ 3యే. తండ్రి కావాలనుకుంటే కొడుకు వచ్చాడు. అమ్మినవాడి తప్పేం లేదు. వాడు సరిగ్గానే రాశాడు, నేనే చదవలేదు. అప్పట్నుంచీ పేరు, నంబరు, జట్టు మూడూ కలిస్తేనే కొంటున్నాను.

జట్టు పేరు. పాత మెంకోల మీద ఏడాది తరచూ ఉండదు. అప్పుడు జట్టే క్యాలెండరు. జపాన్‌లో జట్లకి కంపెనీల పేర్లుంటాయి. కంపెనీ మారితే పేరు మారుతుంది. కొకుతెత్సు స్వాలోస్ అని ఉంటే 1950–65 మధ్యది. అప్పట్లో ఆ జట్టు ప్రభుత్వ రైల్వేలది. నిషితెత్సు లయన్స్ అయితే 1951–72. తోయెయి ఫ్లయర్స్ అయితే 1954–72. దానికి ఆటగాడి ప్రవేశం జోడించండి. నగషిమా 1958లో, సదహరు ఓ 1959లో వచ్చారు కాబట్టి అంతకు ముందువి వాళ్ల ప్రొఫెషనల్ కార్డులు కావు.

ఏడాది. జపాన్‌లో చక్రవర్తి కాలాన్ని బట్టి లెక్క. షోవా అంకెకి 1925 కలపండి, హెయిసెయికి 1988, రెయివాకి 2018. షోవా 34 అంటే 1959. ఇంకో కిటుకు ఏమిటంటే, వెనకున్న గణాంకాల్లో చివరి ఏడాది 2012 అయితే మీ చేతిలో ఉన్నది 2013 కార్డు అయ్యే అవకాశమే ఎక్కువ.

నాలుగో మెట్టు: కొనడం

టోక్యో వస్తే జింబోచోకి వెళ్లండి. పాత పుస్తకాల పేట. మన కోఠి ఫుట్‌పాత్‌ని తీసుకెళ్లి నీటుగా అద్దాల బీరువాల్లో సర్దినట్టుంటుంది. పాత బేస్‌బాల్ పత్రికలు, మెంకోలు, కార్డులు అమ్మే దుకాణాలు అక్కడున్నాయి. మింట్ అనే కార్డుల దుకాణాల శాఖ ఒకటి అక్కడే ఉంది, నగరంలో మిగతాచోట్లా ఉన్నాయి. నకానో బ్రాడ్‌వే అనే మాల్‌లో మందరకే అనే పాత కామిక్స్, బొమ్మల దుకాణం దగ్గర పాత బొమ్మల మధ్య మెంకోలు కనబడతాయి. ఊరి చివర హాబీ ఆఫ్ లాంటి సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చవక కార్డుల డబ్బాలు ఉంటాయి. నాకు ఎక్కువ ఆనందం ఇచ్చినవి ఆ డబ్బాలే. బల్ల దగ్గర కూర్చుని వేళ్లతో తిరగేసేముందు చేతులు తుడుచుకోండి. కార్డు అంచులే పట్టుకోండి. తీసినచోటే పెట్టండి. దుకాణదారు మిమ్మల్ని చూడనట్టే ఉంటాడు గానీ అన్నీ చూస్తాడు.

జపాన్ బయట ఉన్నవాళ్లకి యాహూ ఆక్షన్స్, మెర్కారి లాంటి ఆన్‌లైన్ సైట్లే దిక్కు. చాలామంది అమ్మకందారులు విదేశాలకు పంపరు. అందుకే బయ్యీ, జెన్‌మార్కెట్ లాంటి మధ్యవర్తి సంస్థలు ఉన్నాయి. మీ తరఫున కొని, వాళ్ల గిడ్డంగిలో పెట్టుకుని, మీరు చెప్పినప్పుడు ఒకే పెట్టెలో పంపుతారు. ఇక్కడే కొత్తవాళ్లు మునుగుతారు. 300 యెన్‌ల కార్డుకి మధ్యవర్తి రుసుము, దేశంలో తపాలా, విదేశీ తపాలా, మీ దేశంలో సుంకం అన్నీ కలిపితే బంగారం ధరవుతుంది. నెలంతా కొని గిడ్డంగిలో పోగేసి ఒకేసారి తెప్పించుకోండి. అమెరికాలో 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు సరుకుకి సుంకం మినహాయింపు ఎత్తేశారు. ఇండియాకు తెప్పించుకున్నా సుంకం పడుతుంది. కొనేముందే లెక్క వేసుకోండి.

వివరణలో వెతకాల్సిన మాటలు కొన్ని. "బిహిన్" అంటే బాగున్నది. "నాన్ ఆరి" అంటే ఏదో లోపం ఉంది. "మతొమె" అంటే కట్టగా అమ్ముతున్నది. "నో క్లెయిమ్ నో రిటర్న్" అంటే తర్వాత ఏడిచినా లాభం లేదని. "చొకుహిత్సు సైన్" అంటే ఆటగాడు స్వయంగా చేసిన సంతకం. కార్డుమీద సంతకం కనబడగానే అదే అనుకోవద్దు. కల్బీ స్టార్ కార్డుల్లో బంగారు రంగులో అచ్చువేసిన సంతకాలు ఉంటాయి. అవి అచ్చే, చేతిరాత కాదు. పాత మెంకోలు కత్తిరించని పెద్ద షీట్లుగా కూడా దొరుకుతాయి. ఎవరో ఇటీవల కత్తెరతో కోసి విడిగా అమ్మే అవకాశం ఉంది. నాలుగు అంచులూ ఒకేలా ఉన్నాయో లేదో ఫోటో పెద్దది చేసి చూడండి.

ఐదో మెట్టు: దాచడం

దీని గురించి పేజీలు రాసేవాళ్లున్నారు. నాకు రెండే నియమాలు. పీవీసీ ఆల్బమ్ వద్దు, పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి. తేమ రానివ్వకండి. జూన్‌లో ఇక్కడ త్సుయు వానలు, మీకు కోస్తాలో ఉక్కపోత, కార్డుకి రెండూ శత్రువులే. మెరుపు కార్డులు అప్పడంలా వంగిపోతాయి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, కాలానికోసారి మార్చండి. కల్బీ కార్డులు మామూలు అమెరికా సైజు కంటే కొన్ని మిల్లీమీటర్లు చిన్నవి కాబట్టి వదులు కవర్లో అటూ ఇటూ కదులుతాయి. సరిపోయే కవర్లు ఇక్కడ దొరుకుతాయి. మెంకోలు మందం కాబట్టి వాటికి గట్టి ప్లాస్టిక్ హోల్డరు కొనేముందు మందం చూసుకోండి.

ఆరో మెట్టు: మార్చుకోవడం

చిప్స్ కొనేవాడికి దబురి తప్పదు. వచ్చిందే మళ్లీ వచ్చిన కార్డుని ఇక్కడ అలా అంటారు. సెట్ పూర్తయితే కొంప్. దబురికీ కొంప్‌కీ మధ్య ఉన్న దారే మార్పిడి.

ముందు రెండు జాబితాలు రాయండి. ఒకటి కావాల్సినవి, రెండోది ఇవ్వగలిగినవి. ఏడాది, సంస్థ, సెట్, నంబరు, ఆటగాడు, ఈ వరసలోనే. "కల్బీ యమమొతో కావాలి" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ ఏడాది, ఎన్నో సిరీస్, ఏ నంబరు అని రాస్తే అవతలివాడు ఒక్క చూపులో చెప్తాడు. జాబితా పాతబడితే పరువు పోతుంది. కార్డు రాగానే కొట్టేయండి.

అవతలివాడి జాబితా చదవకుండా మీది పంపకండి. ఒసాకా పెద్దాయనకి నేను మొదటి ఉత్తరంలో రాసిందల్లా "మీ దగ్గర మాస్కు క్యాచర్లు దబురి ఉంటే పారేయకండి, నాకూ పనికొస్తాయి. నా దగ్గర ఈ మూడు ఉన్నాయి" అని. రెండు రోజుల్లో జవాబు వచ్చింది.

ధర లెక్క ఎలా? కావాలంటే ఇటీవలి వేలంలో నిజంగా అమ్ముడైన ధర చూడండి, అడిగే ధర కాదు. కానీ పది రూపాయల కార్డులకి పైసలు లెక్కపెట్టి కూర్చుంటే సాయంత్రం వృథా. నేను మామూలు కార్డులకి కార్డుకి కార్డు అంటాను. విలువైనవాటికి మాత్రం ధర సరిచూస్తాను. డల్లాస్‌లో ఉండే తెలుగు మిత్రుడొకరి అబ్బాయికి యోషినొబు యమమొతో ఒరిక్స్ బఫెలోస్ కాలం కార్డులు కావాలి. నాకు అదే యమమొతో తర్వాత చేరిన అమెరికా జట్టు డాడ్జర్స్ కాలం టాప్స్ కార్డులు కావాలి. ఇక్కడ నాకు చవకైనది అక్కడ వాడికి అపురూపం, అక్కడ దుకాణంలో దొరికేది ఇక్కడ నాకు అపురూపం. ఇద్దరం లాభపడ్డాం అనుకునే బేరాలు ఎక్కువగా ఇలాంటివే.

ఒప్పుకునేముందు ముందూ వెనకా ఫోటోలు పంపండి. మూలలు నలిగితే మీరే చెప్పండి. వాడు కనిపెట్టాక చెప్పడం వేరు, మీరు ముందే చెప్పడం వేరు. కొత్త పరిచయమైతే చిన్న మార్పిడితో మొదలుపెట్టి, ట్రాకింగ్ నంబరు ఇద్దరూ ఇచ్చుకోండి. ఎవరు ముందు పంపాలనే పేచీ వస్తే, అనుభవం తక్కువ ఉన్నవాడు ముందు పంపడం ఆనవాయితీ. నచ్చకపోతే ఒకే రోజు ఇద్దరూ పంపుకోండి.

ఏడో మెట్టు: కట్టడం

ఇది దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే కార్డులు చెడిపోయేది ఇక్కడే. కార్డుని మెత్తటి కవర్లో వేయండి, తల ముందుగా కాదు, కింది అంచు ముందుగా. కవరుని గట్టి ప్లాస్టిక్ హోల్డర్లో దింపండి. హోల్డరు నోటిమీద రంగులేసేవాళ్లు వాడే, తేలిగ్గా ఊడే టేపు ఒక ముక్క అంటించి, చివర మడతపెట్టి చిన్న తోక వదలండి. అవతలివాడు ఆ తోక పట్టుకుని లాగితే చాలు. ఒకసారి నాకు పారదర్శక టేపు గట్టిగా చుట్టిన కార్డు వచ్చింది. బ్లేడుతో కోస్తుంటే జారి మూల చీలింది. పంపినవాడు ఎంతో శ్రద్ధగా చుట్టాడు పాపం, అదే కొంప ముంచింది.

హోల్డరుకి అటూ ఇటూ కార్డు కంటే పెద్ద అట్టముక్కలు పెట్టి, అన్నిటినీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి మూయండి. వాన చుక్కకి అదే రక్ష. తర్వాత బబుల్ కవరు. జపాన్ లోపల నేను లెటర్ ప్యాక్ లైట్ వాడతాను. 430 యెన్లు, మందం 3 సెంటీమీటర్ల లోపు, ట్రాకింగ్ ఉంటుంది గానీ పోతే పరిహారం ఉండదు. విలువైనదైతే పరిహారం ఉన్న పద్ధతిలోనే పంపండి. విదేశాలకైతే కస్టమ్స్ కాగితంమీద ఉన్నదున్నట్టు రాయండి: బేస్‌బాల్ కార్డులు, ఇన్ని, విలువ ఇంత. తక్కువ రాయమని అవతలివాడు బతిమాలినా వద్దు. పార్సిల్ పోతే అప్పుడు పరిహారం కూడా ఆ తక్కువ లెక్కనే.

కవరు మూసేముందు ఇంకొకటి. జపాన్‌లో "ఒమాకే" అంటారు, మన కొసరే. కూరగాయలావిడ తూకం అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయలు వేసినట్టు, అడగని కార్డు ఒకటి కలపండి. అవతలివాడి జట్టుది అయితే మరీ మంచిది. డల్లాస్ అబ్బాయికి పోయినసారి కొసరుగా పెట్టింది కజుషిగె నగషిమాని. "ఈయన ఎవరు అంకుల్?" అని మెసేజ్ వచ్చింది. మా ఇద్దరికీ ఇంకో అరగంట మాటలు దొరికాయి.

కవరు చేరగానే ఆ రోజే ఫోటో తీసి చేరిందని చెప్పండి. జాబితాలో ఆ నంబరు కొట్టేయండి. దబురి ఇంకా మిగిలుంటే, తర్వాతి ఉత్తరం మీదే.